అడవిలో ఒక్క రాత్రి: బస ఖరారయ్యాకే ప్రయాణం
బార్‌నవాపారా యాత్రకు మందిర్ హసౌద్ మీదుగా వెళ్లేవారు తెలుసుకోవలసిన అనుమతులు, బస, భద్రత నియమాలు

మందిర్ హసౌద్ (ఛత్తీస్‌గఢ్): రాయ్‌పుర్ నగరానికి తూర్పున, 53వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మందిర్ హసౌద్ పట్టణం దాటి ఆరంగ్ వైపు సాగితే పరిశ్రమలు, గోదాములు క్రమంగా వెనుకబడి వరి పొలాలు మొదలవుతాయి. ఆరంగ్ తరువాత మహానది వంతెన వస్తుంది. వంతెన దాటి మహాసముంద్ జిల్లాలో ప్రవేశించాక, రహదారికి ఎడమ వైపున చీలే దారులు సిర్‌పుర్ ప్రాచీన ఆలయాలకు, ఆపైన బార్‌నవాపారా అభయారణ్యానికి చేరుస్తాయి. శీతకాలంలో వారాంతపు సెలవులకు వీపు సంచులతో ఈ దారి పట్టే యువతలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారూ ఉంటారు.

ఇటువంటి ఒక రాత్రి యాత్రకు సిద్ధమయ్యేవారిలో చాలామంది మొదట మార్గం చూసుకుంటారు, తరువాత సామగ్రి సమకూర్చుకుంటారు, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది అక్కడికి వెళ్లాక తేల్చుకుందామనుకుంటారు. భారతదేశంలోని అడవుల విషయంలో ఈ వరుస ప్రమాదకరం, చట్టరీత్యా నేరానికి దారితీసేది కూడా. రాత్రి బస ఎక్కడ, దానికి ఎవరి అనుమతి ఉంది అన్న రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు దొరికితే మార్గం, నడక దూరం, సంచి బరువు, బయలుదేరే వేళ అన్నీ వాటంతట అవే నిర్ణయమవుతాయి.

ప్రయాణం ఎలా?

మందిర్ హసౌద్ రైల్వే స్టేషను రాయ్‌పుర్-విజయనగరం మార్గంలో ఉంది. ఉత్తరాంధ్ర నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లే రైళ్లు పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా ఈ మార్గంలోనే నడుస్తాయి. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ ఎక్స్‌ప్రెస్‌కు మహాసముంద్‌లోనూ, రాయ్‌పుర్‌లోనూ ఆగే సదుపాయం ఉంది. విమానంలో వచ్చేవారికి రాయ్‌పుర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం మందిర్ హసౌద్‌కు చేరువలోనే ఉంటుంది.

రాయ్‌పుర్ నుంచి సిర్‌పుర్‌కు సుమారు 80 కిలోమీటర్లు. అభయారణ్యానికి వెళ్లేవారు జాతీయ రహదారిపై మరికొంత దూరం సాగి పటేవా వద్ద ఎడమకు తిరుగుతారు. పిథౌరా వైపు నుంచి మరో దారి ఉంది. రహదారి విడిచి లోపలికి వెళ్లిన తరువాత పెట్రోలు బంకులు, మందుల దుకాణాలు అరుదు. ఇంధనం, నగదు, మందులు, తాగునీరు మందిర్ హసౌద్ లేదా ఆరంగ్ వద్దనే సమకూర్చుకోవడం మేలు.

చట్టం ఏమి చెబుతోంది?

బార్‌నవాపారా 1976లో అభయారణ్యంగా ఏర్పడింది. బార్, నవాపారా అనే రెండు అటవీ గ్రామాల పేర్లు కలిసి దీనికి ఆ పేరు వచ్చింది. సుమారు 245 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో టేకు, సాల, వెదురు చెట్లతో నిండిన ఈ అడవికి పడమట బలమ్‌దేహి నది, ఈశాన్యాన జోంక్ నది హద్దులు. చిరుతలు, ఎలుగుబంట్లు, అడవి దున్నలు, దుప్పులు, కణుజులు ఇక్కడి ప్రధాన జంతువులు.

అభయారణ్యం కావడం వల్ల ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టంలోని 27వ సెక్షను ప్రకారం విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, అనుమతి పొందినవారు, లోపల స్థిరాస్తి హక్కులు ఉన్నవారు, వారిపై ఆధారపడినవారు, ప్రజా రహదారి వెంట దాటిపోయేవారు తప్ప ఇతరులు ప్రవేశించరాదు. రహదారి వెంట దాటిపోవడానికి హక్కు ఉన్నంత మాత్రాన రోడ్డు దిగి చెట్ల మధ్యకు నడిచే హక్కు రాదు. చాలామంది పర్యాటకులు పొరపడేది ఇక్కడే.

అనుమతి ఏయే పనులకు ఇవ్వవచ్చో 28వ సెక్షను చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో చట్టబద్ధమైన వ్యవహారం అందులో ఉన్నాయి. అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకునిది. ఆచరణలో పర్యాటకుల ప్రవేశ పత్రాలు ఆయన తరఫున క్షేత్ర స్థాయి అధికారుల ద్వారా, చెక్‌పోస్టుల వద్ద జారీ అవుతాయి. అడవికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం, రగిలిన నిప్పును వదిలి వెళ్లడం 30వ సెక్షను కింద నిషిద్ధం. చెత్త వేయడం, జంతువులను వేధించడం కూడా నేరాలే. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు శిక్ష లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది.

అభయారణ్యం వెలుపల ఉన్న రిజర్వు అడవులకు 1927 నాటి భారత అటవీ చట్టం వర్తిస్తుంది. అక్కడ కూడా అనుమతి లేని ప్రవేశం, నిప్పు రాజేయడం 26వ సెక్షను కింద నేరాలు. అందువల్ల అభయారణ్యం సరిహద్దు దాటి బయటికి వచ్చామన్న భరోసాతో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడం కుదరదు.

మూడు పత్రాలు, మూడు హక్కులు

అడవి యాత్రలో మూడు వేర్వేరు అనుమతులు ఉంటాయన్న సంగతి పర్యాటకులు గుర్తించాలి. మొదటిది ప్రవేశ పత్రం. ఇది నిర్ణీత తేదీన, నిర్ణీత వేళల్లో, పేర్కొన్న వాహనంలో, పేర్కొన్న దారిలో లోపలికి వెళ్లి రావడానికి మాత్రమే. రెండోది బస కేటాయింపు. అటవీ శాఖ అతిథి గృహంలోనో, పర్యాటక మండలి విడిదిలోనో గది దొరికినట్లు ఇది చెబుతుంది. మూడోది కాలినడకకు అనుమతి. మార్గదర్శి వెంట, ఆమోదించిన బాటలో నడవడానికి ఇది అవసరం.

ఒకటి ఉంటే మిగిలినవి ఉన్నట్లు కాదు. సఫారీ టికెట్టు చేతిలో ఉన్నవారు వాహనం దిగి నడవలేరు. గది దొరికినవారు చీకటి పడ్డాక ప్రాంగణం దాటి వెళ్లలేరు. నడకకు అనుమతి దొరికినవారు తమకు నచ్చిన వాగు ఒడ్డున గుడారం వేయలేరు. దరఖాస్తు చేసేటప్పుడే ఈ మూడింటిలో ఏవి కావాలో విడివిడిగా రాసి అడగాలి.

ఉత్తరప్రత్యుత్తరాలు హిందీలో లేదా ఇంగ్లీషులో సాగుతాయి. అక్కడి కార్యాలయాల పేర్లు తెలిసి ఉంటే పని సులువవుతుంది. హిందీలో ‘వన్ మండల్’ అంటే అటవీ డివిజను, ‘వన్ మండలాధికారి’ అంటే డీఎఫ్ఓ. ‘పరిక్షేత్ర్’ అంటే రేంజి, ‘వన్ రక్షక్’ అంటే ఫారెస్టు గార్డు, ‘నాకా’ అంటే చెక్‌పోస్టు. బార్‌నవాపారా వ్యవహారాలు బలౌదాబజార్ అటవీ డివిజను పరిధిలోకి వస్తాయి.

దరఖాస్తులో ప్రయాణికుల పేర్లు, వయసులు, గుర్తింపు కార్డుల వివరాలు, వాహనం నంబరు, లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి, తేదీలు, బస చేసే చోటు, అత్యవసర వేళ సంప్రదించవలసిన బంధువు ఫోను నంబరు ఉండాలి. రెండు మూడు వారాల ముందే పంపడం మంచిది. క్రిస్మస్, నూతన సంవత్సరం సెలవుల్లో గదులకు గిరాకీ ఎక్కువ. జవాబు వచ్చాక దానిని కాగితంపై అచ్చు తీసుకుని వెంట ఉంచుకోవాలి, ఎందుకంటే లోపల మొబైలు సంకేతాలు అందని చోట్లు ఉంటాయి.

రాత్రి ఎక్కడ?

చట్టబద్ధంగా రాత్రి గడపడానికి ఈ ప్రాంతంలో మూడు రకాల చోట్లు ఉన్నాయి. మొదటిది అభయారణ్యంలో అటవీ శాఖ నిర్వహించే పర్యాటక విడిది. తెల్లవారుజామున సఫారీకి వెళ్లదలచినవారికి ఇది అనుకూలం. రెండోది అడవి అంచున ఉన్న మోహ్దాలో రాష్ట్ర పర్యాటక మండలి విడిది. కుటుంబాలతో వచ్చేవారు దీనిని ఎంచుకుంటారు. మూడోది సిర్‌పుర్. దక్షిణ కోసల రాజధానిగా వెలసిన ఈ మహానదీ తీర పట్టణంలో ఏడో శతాబ్దికి చెందిన ఇటుకల లక్ష్మణ ఆలయం ఉంది. ఇక్కడ రాత్రి గడిపి, మరుసటి ఉదయం అడవికి వెళ్లవచ్చు.

అయితే సిర్‌పుర్ ఆలయ ప్రాంగణాలు విడిది స్థలాలు కావు. పురావస్తు శాఖ రక్షణలోని స్మారకాల ఆవరణలో వంట చేయడం, రాత్రి ఉండిపోవడం నిషిద్ధం.

గుడారంలోనే పడుకోవాలన్న కోరిక ఉన్నవారికి ఊరికి ఆనుకుని ఉన్న ప్రైవేటు స్థలం సరైన మార్గం. యజమాని అంగీకారం తీసుకోవాలి, గ్రామ పంచాయతీకి చెప్పాలి, సమీప పోలీసు స్టేషనులో సమాచారం ఇవ్వాలి. ఊరివారికి తెలిసి ఉన్న గుడారానికి రాత్రి ఆపద వస్తే ఆదుకునేవారు ఉంటారు. ఎవరికీ తెలియకుండా అడవి అంచున వేసిన గుడారం ఉన్న సంగతి తెల్లవారేదాకా ఎవరికీ తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. నల్లమలలోని బైర్లూటి, మారేడుమిల్లి ప్రాంతాల్లో అటవీ శాఖ పర్యవేక్షణలో స్థానిక గిరిజనులు నడిపే విడిదులు ఉన్నాయి. తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో బస, సఫారీ కలిపిన యాత్రలను అటవీ శాఖ నిర్వహిస్తోంది. వీటిలో ఒక రాత్రి గడిపినవారికి బార్‌నవాపారా నియమాలు కొత్తగా అనిపించవు.

ఏనుగులు, వరి కోతలు

అభయారణ్యం సాధారణంగా నవంబరు 1 నుంచి జూన్ 30 వరకు పర్యాటకులకు తెరిచి ఉంటుంది. వానకాలంలో మూసివేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అత్యంత అనుకూలం. కాని ఆ కాలం ఆరంభంలోనే వరి పంట కోతకు వస్తుంది. పండిన వరి కోసం అడవి ఏనుగులు పొలాల మీదికి వస్తాయి. మహాసముంద్ జిల్లాలో సిర్‌పుర్ పరిసర గ్రామాలు, బార్‌నవాపారా అడవులు గత దశాబ్దంలో ఏనుగుల సంచారానికి అలవాటు పడ్డాయి. 2024 మార్చిలో ఈ అభయారణ్యంలో ఒక మగ పులి కనిపించింది. అదే సంవత్సరం నవంబరులో కస్డోల్ ప్రాంతంలో దానికి మత్తుమందు ఇచ్చి పట్టుకుని, గురు ఘాసీదాస్ జాతీయ ఉద్యానంలో వదిలారు.

ఈ పరిస్థితుల్లో చీకటి పడ్డాక కాలినడకన గాని, ద్విచక్ర వాహనంపై గాని అటవీ దారుల్లో తిరగడం ప్రాణాలతో చెలగాటమే. ఏనుగుల మంద ఎక్కడ ఉందో గ్రామస్థులకు, ఫారెస్టు గార్డులకు ముందుగా తెలుస్తుంది. బయలుదేరే ముందు రోజు సాయంత్రం, బయలుదేరే రోజు ఉదయం రెండుసార్లూ వారిని అడిగి తెలుసుకోవాలి. వారు వద్దన్న దారిని విడిచిపెట్టాలి. ఏనుగు ఎదురైతే ఫొటోల కోసం ఆగకుండా, అరవకుండా, వచ్చిన దారినే దూరంగా వెళ్లాలి. విప్పపూలు, ఉప్పు, ధాన్యం, పండ్ల వాసన ఏనుగులను రప్పిస్తుంది గనుక వాటిని గుడారంలో దాచరాదు.

నిప్పుతో జాగ్రత్త

ఛత్తీస్‌గఢ్‌లో ఏటా ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు అటవీ అగ్నిప్రమాదాల కాలంగా పరిగణిస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో విప్పపూలు రాలుతాయి. వాటిని ఏరడానికి వీలుగా చెట్ల కింది ఎండుటాకులను కాల్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ నిప్పు గాలికి వ్యాపిస్తే ఎండిన అడవిలో అదుపు చేయడం కష్టం.

ఈ ప్రమాదం ఎంత తీవ్రమైనదో 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో తేలింది. పర్వతారోహణకు వెళ్లిన బృందాలను కార్చిచ్చు చుట్టుముట్టడంతో 23 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటన తరువాత తమిళనాడు ప్రభుత్వం అదే సంవత్సరం ట్రెక్కింగ్ నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 2024 అక్టోబరులో 40 మార్గాలకు ఆన్‌లైన్ నమోదు పద్ధతిని ప్రారంభించింది. నమోదు వల్ల ప్రభుత్వానికి రుసుము రావడం ఒక్కటే ప్రయోజనం కాదు. ఏ రోజున, ఏ కొండపై, ఎంతమంది ఉన్నారో అధికారులకు తెలుస్తుంది. మంటలు లేచినప్పుడు ఎవరిని వెతకాలో, ఎక్కడ వెతకాలో చెప్పేది ఆ జాబితాయే.

అందువల్ల వేసవి ప్రవేశించాక అడవిలో రాత్రి యాత్రను మానుకోవడం ఉత్తమం. శీతకాలంలో సైతం చలిమంట విడిది నిర్వాహకులు చూపిన చోటనే వేయాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద చల్లబడిందని చేత్తో తాకి నిర్ధారించుకోవాలి.

సంచిలో ఏముండాలి?

బస ఖరారయ్యాక సంచి బరువు తేలుతుంది. గది దొరికినవారికి గుడారం, చాప, పొయ్యి, వంట సామగ్రి అక్కరలేదు. అప్పుడు సంచి ఆరేడు కిలోలు మించదు. గుడారంలో ఉండేవారి సంచి కూడా మోసే మనిషి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో పగలు తేలికపాటి దుస్తులు చాలినా, అడవిలో రాత్రి చలి నగరంలో కంటే ఎక్కువ. ఉన్ని టోపీ, స్వెటరు, దట్టమైన దుప్పటి లేదా స్లీపింగ్ బ్యాగు అవసరం. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల తాగునీరు, తల టార్చి, అదనపు బ్యాటరీలు, ఈల, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాలకు కట్టు సామగ్రి, రోజూ వాడే మందులు ఉండాలి. మలేరియా బెడద ఉన్న ప్రాంతం కనుక దోమతెర, ఒంటిని కప్పే దుస్తులు తప్పనిసరి. చెత్తను తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి కూడా పెట్టుకోవాలి.

రైలులో వచ్చేవారు గ్యాస్ డబ్బాలు, కిరోసిన్, పెట్రోలు వెంట తేరాదు. మండే పదార్థాలను రైలులో తీసుకెళ్లడం రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు శిక్షకు దారితీసే నేరం. విమానాల్లోనూ వీటిని అనుమతించరు. వంట గురించి విడిది నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవడం, లేదా అటుకులు, చపాతీలు, వేరుసెనగ చిక్కీల వంటి నిప్పు అక్కరలేని ఆహారం తెచ్చుకోవడం తేలిక.

పాముకాటు గురించి కూడా తెలిసి ఉండాలి. కట్లపాము రాత్రివేళ నేలపై పడుకున్నవారిని కాటేస్తుంది. ఆ కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు గనుక బాధితులు గుర్తించడం ఆలస్యమవుతుంది. మంచంపై పడుకుని దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోవడం మంచి రక్షణ. కాటు పడిందన్న అనుమానం ఉన్నా గాయాన్ని కోయకుండా, తాడుతో బిగించకుండా, కాటు పడిన అవయవాన్ని కదల్చకుండా ఉంచి, విష విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తరలించాలి. బస ఖరారు చేసుకునేటప్పుడే ఆ మందు ఉన్న సమీప ఆసుపత్రి ఏదో అడిగి రాసుకోవాలి. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లు పనిచేస్తాయి.

రెండు రోజుల ప్రణాళిక

డిసెంబరులో ఈ ప్రాంతంలో సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. చీకటికి ముందే విడిదిలో ఉండాలన్న నియమం పెట్టుకుని రోజును వెనుక నుంచి ముందుకు లెక్కించుకోవాలి. ఉదయం ఏడింటికి మందిర్ హసౌద్ నుంచి బయలుదేరితే పది గంటలలోపు సిర్‌పుర్ చేరవచ్చు. మధ్యాహ్నం వరకు ఆలయాలు, బౌద్ధ విహారాలు, మహానది తీరం చూడవచ్చు. భోజనం చేసి రెండింటికి అక్కడి నుంచి కదిలితే నాలుగు, నాలుగున్నరకల్లా బార్‌నవాపారా విడిదికి చేరుకోవచ్చు. దారిలో ఎక్కడైనా గంట ఆలస్యమైనా వెలుగు మిగిలి ఉంటుంది.

రెండో రోజు తెల్లవారుజామున సఫారీ, ఆ తరువాత అనుమతి ఉంటే మార్గదర్శితో నడక. బరువుతో గంటకు మూడు కిలోమీటర్లకు మించి నడవలేరన్న లెక్కతో దూరం నిర్ణయించుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు, దారులు తెరిచి ఉంటే, వాల్మీకి ఆశ్రమంగా స్థానికులు కొలిచే తుర్‌తురియాను చూడవచ్చు. సాయంత్రానికి మళ్లీ జాతీయ రహదారి ఎక్కాలి.

ఈ ప్రణాళిక ప్రతిని ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ఏ గంటకు ఫోను రాకపోతే ఎవరికి కబురు చేయాలో అందులో రాసి ఉంచాలి. బయటికి వచ్చాక చెక్‌పోస్టు పుస్తకంలో సంతకం పెట్టడం మరువరాదు. సంతకం లేకపోతే లోపల ఎవరో చిక్కుకున్నారన్న అనుమానంతో గార్డులు రాత్రంతా వెతకవలసి వస్తుంది.

అభయారణ్యం లోపల ఇప్పటికీ గ్రామాలు ఉన్నాయి. అక్కడివారు ఏనుగుల భయం మధ్య పంట కాపాడుకుంటూ, విప్పపూలు, తునికాకు ఏరుకుంటూ జీవిస్తున్నారు. పర్యాటకులకు అది ఒక రాత్రి, వారికి జీవితకాలం. యాత్రికులు వదిలిన నిప్పు, పారేసిన తిండి, రేపిన ఏనుగు కోపం అనుభవించవలసింది మరుసటి ఉదయం ఆ ఊళ్లోనే ఉండే మనుషులు. అనుమతి పత్రంలోని షరతులు పర్యాటకుల ప్రాణాలతో పాటు వారి ప్రాణాలనూ కాపాడుతాయి.